కోరంగి రేవు నుండి ఐకాడ్ వరకు: కూలివాని మాట కోర్టుకు చేరిన దారి

మన పూర్వుల చరిత్ర వ్రాయవలసి వచ్చినప్పుడల్లా మనం ఓడల పేర్లు చెప్పుకుంటాము, తోటల పేర్లు చెప్పుకుంటాము, రాములవారి గుడి ఎవరు కట్టించారో చెప్పుకుంటాము. కోర్టులను గురించి మాత్రం చెప్పుకోము. అందుకు కారణం లేకపోలేదు. తోట కూలీగా మారిషస్ వచ్చినవారికి కోర్టు అంటే జైలుకు వెళ్ళే దారిలో ఒక మజిలీ. అక్కడ నడిచేవి ఇంగ్లీషు, ఫ్రెంచి. వారికి తెలిసినది గోదావరి తెలుగో, విశాఖపట్నం తెలుగో. అయినప్పటికీ ఆ కోర్టు తీరును, ఆ వకీళ్ళ తీరును మార్చడానికి పూనుకున్నవారు కొందరు ఉన్నారు. వారు మొదలుపెట్టిన పని ఇంకా ముగియలేదు. అది ఇప్పుడు మరొక ఎడారి దేశంలో, మరొక తరం తెలుగు కూలీల నడుమ సాగుతున్నది. ఆ చోటిని ఐకాడ్ అంటారు. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడదలచాము.

ఐకాడ్ అనేది నిజానికి ఊరి పేరు కాదు. అబుదాబి పారిశ్రామిక నగరానికి ఉన్న ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కూర్చి పలికే మాట. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, అబుదాబి నగరానికి దగ్గరలో, ముసఫ్ఫా ప్రాంతంలో ఉన్నది. ఐకాడ్ ఒకటి, రెండు, మూడు అని భాగాలు. ఎమిరేట్స్ స్టీల్ వారి ఉక్కు కర్మాగారం ఇక్కడిదే. 2004లో ఏర్పడిన జోన్స్‌కార్ప్ అనే ప్రభుత్వ సంస్థ చాలా కాలం దీనిని నడిపించింది. 2022లో ఆ సంస్థ కెజాద్ అనే పెద్ద సముదాయంలో కలిసిపోయింది. కర్మాగారాలకు దగ్గరలోనే కార్మికుల నివాసాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. వాటిని అక్కడి మనవాళ్ళు ‘క్యాంపు’ అంటారు. పాఠకులకు ఈ మాట కొత్త కాదు. మన చెరకు తోటలలో కూలీల ఇళ్ళ వరుసలకూ అదే పేరు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు గ్రామాలనుండి గల్ఫ్‌కు పోయిన వారి సంఖ్య పెద్దది. వారి మాటలలో ఒక ప్రత్యేకమైన పదజాలం కూడా ఏర్పడింది. యజమాని ‘కఫీల్’. ఒక కంపెనీకి కట్టుబడకుండా తిరిగి పనిచేయవచ్చునని ఏజెంటు ఆశపెట్టి అమ్మే వీసా ‘ఆజాద్ వీసా’. కంపెనీని విడిచి, కాగితాలు లేకుండా బయట పనిచేసేవాడు ‘ఖల్లివెల్లి’. ఇది ‘పోనీ, వదిలెయ్’ అనే అర్థం గల అరబ్బీ మాటనుండి పుట్టినది. మన తోటల కాలంలో ఇటువంటి వానిని చట్టం ‘పారిపోయినవాడు’ అని వ్రాసుకునేది, పోలీసులు ‘తిరుగుబోతు’ అని పట్టుకునేవారు. తెలంగాణ కూలీలు దానికి తమదైన పేరు పెట్టుకున్నారు, అందులో కొంత హాస్యం కూడా ఉన్నది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. గల్ఫ్ కూలి బ్రతుకూ మన తాతల బ్రతుకూ ఒకటేనని వేదికలమీద చెప్పేవారున్నారు. మేము ఆ మాటను ఒప్పుకోము. ఇప్పటి కార్మికుడు విమానంలో వెళ్తాడు, జేబులో ఫోను ఉంటుంది, ఇంటికి డబ్బు పంపుతాడు, తిరిగి వస్తాడు. మనవారిలో చాలామంది తిరిగి కోరంగి రేవు మొగం చూడలేదు. మన తెలుగువారిని ఇక్కడ ‘కొరింగీలు’ అని పిలిచిన ఆ పేరులో మాత్రం ఆ రేవు మిగిలింది. పోలిక ఉన్నది వేరొక చోట. తనకు చదవరాని కాగితంమీద వ్రేలిముద్రో సంతకమో పెట్టి, ఆ కాగితమే తన బ్రతుకును శాసిస్తుండగా, దానిమీద తగాదా వస్తే తనకు రాని భాషలో వాదించుకోవలసి రావడం, ఇది రెండు చోట్లా ఉన్నది.

మొదట మన దేశం సంగతి చూద్దాము.

ఒప్పందం సాధారణంగా అయిదేళ్ళకు. ఫిజీలోని మనవారు దానిని ‘గిర్మిట్’ అన్నారు. ‘అగ్రిమెంటు’ అనే మాట కూలీల నోట అట్లా మారింది. పోర్ట్ లూయీలో దిగినవారికి ‘వలసవారి సంరక్షకుడు’ అనే అధికారి ఉండేవాడు. పేరు సంరక్షకుడు. ఒక్క విశేషం చెప్పి ముందుకు పోతాము: భారతదేశపు 1983 నాటి వలసల చట్టంలో కూడా ఆ అధికారి పేరు మారలేదు. గల్ఫ్‌కు పోయే తెలుగువారి కాగితాలు చూడటానికి హైదరాబాదులో అటువంటి కార్యాలయమే ఉన్నది.

మారిషస్‌లో 1867 నాటి శాసనం వచ్చిన తరువాత ఒప్పందం ముగిసినవారు కూడా ఫోటో అంటించిన పాసు దగ్గర పెట్టుకొని తిరగవలసి వచ్చింది. పాసు లేనివాడు దొరికితే తిరుగుబోతు క్రింద లెక్క. తోటలో పనిచేసేవారికి ‘డబుల్ కట్’ ఉండేది: ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఇప్పుడు ఈ రెండు నియమాలనూ కలిపి ఆలోచించండి. సర్దారు కొట్టాడనో, కూలి ఇవ్వలేదనో మేజిస్ట్రేటుకు చెప్పుకోవాలంటే తోట విడిచి నడిచి వెళ్ళాలి. వెళ్ళిన రోజు పనికి రానట్లే; రెండు రోజుల కూలి పోయింది. దారిలో పోలీసు ఆపి పాసు అడిగితే, ఫిర్యాదు చేయబోయినవాడే ముద్దాయిగా అదే మేజిస్ట్రేటు ముందు నిలబడేవాడు. చట్టం ఫిర్యాదును నిషేధించలేదు. దూరమూ భాషా కలిసి ఆ పని చేశాయి.

దీనిని బయటపెట్టిన శ్రీ అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ వకీలు కారు. నువెల్ దెకువెర్ట్ అనే తోటను చూసుకునే యూరోపియను. ఆయన 1871లో, ఒప్పందం ముగిసిన పాత వలసవారి తరఫున ఒక అర్జీ తయారుచేసి గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్‌కు సమర్పించారు. దానిమీద 9,401 మంది పేర్లు ఉన్నాయి. ఆ పనిలో రాజరత్నం మొదలియార్ గారు ఆయనకు చేదోడువాదోడుగా నిలిచారు. దక్షిణాది కూలీల గోడు ఒక యూరోపియను కలానికి అందాలంటే మధ్యలో ఇటువంటి మనిషి లేకుండా సాధ్యమయ్యేది కాదు. చరిత్ర పుస్తకాలలో ప్లెవిట్జ్ గారికి దొరికిన చోటు మొదలియార్ గారికి దొరకలేదు. మధ్యవర్తిగా మాట మోసినవారికి ఎప్పుడూ జరిగేది ఇదే.

తోటల యజమానులు ప్లెవిట్జ్ గారిని దేశంనుండి వెళ్ళగొట్టమని గవర్నరును కోరారు, ఆయనపై దాడి కూడా జరిగింది. కాని అర్జీ లండన్‌దాకా పోయింది. 1872లో ఫ్రేర్, విలియమ్సన్ అనే ఇద్దరు సభ్యుల రాయల్ కమిషన్ వచ్చి విచారించింది. వారి నివేదిక 1875లో వెలువడింది, 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. చట్టం వచ్చినంతలో బాధలు తీరలేదు. కాగా, కూలివాని ఫిర్యాదు విచారించదగిన సాక్ష్యమేనని మొదటిసారి ప్రభుత్వ కాగితాలలోకి ఎక్కింది.

కోర్టు లోపలి మార్పుకు మరి ముప్పై ఏళ్ళు ఆగవలసి వచ్చింది. బరోడాలో 1881లో జన్మించిన శ్రీ మణిలాల్ మగన్‌లాల్ డాక్టర్ గారు గాంధీగారి ప్రోత్సాహంతో 1907 అక్టోబరులో మారిషస్‌లో దిగారు. ‘డాక్టర్’ అన్నది ఇంటి పేరు, ఆయన బారిస్టరు. భారతీయులు కోర్టులో తలపాగా తీసి, చెప్పులు విడిచి నిలబడాలనే అలవాటును ఆయన ధిక్కరించి తలపాగాతో, పాదరక్షలతో నిలిచారు. ఈ కథ మన పిల్లలకు పాఠంగా చెబుతాము, చెప్పవలసినదే. కాని మాకు అంతకంటె ముఖ్యంగా తోచేది మరొకటి. తోటల యజమానులనుండి వచ్చే ఫీజుమీద ఆధారపడిన వకీళ్ళున్న చోట, చెరకు నరికేవాని కేసు పట్టడమే తన వృత్తి అని చెప్పుకున్న వకీలు ఆయన. 1909లో ‘హిందుస్థానీ’ పత్రిక మొదలుపెట్టారు. అదే సంవత్సరం వచ్చిన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. కోర్టులో ఒక కేసు, పత్రికలో ఒక వ్యాసం, కమిషన్ ముందు ఒక వాఙ్మూలం: మూడింటినీ ఒకే పనిలో భాగంగా చూసిన వకీలు మన దీవిలో అంతకు ముందు లేరనే చెప్పాలి.

ఆయన 1912లో ఫిజీ వెళ్ళారు. 1903 తరువాత మదరాసునుండి వెళ్ళిన తెలుగువారు అక్కడ ఉన్నారు. 1920లో సమ్మె జరిగిన తరువాత అక్కడి ప్రభుత్వం ఆయనను పంపివేసింది. న్యూజిలాండులో ఆయనను ప్లీడరు వృత్తి చేయనివ్వలేదు. వృత్తిని మార్చబోయినవారికి వృత్తి పెద్దలు చెల్లించే ధర ఇట్లా ఉంటుంది.

ఇప్పుడు ఐకాడ్ దగ్గరకు వద్దాము. అక్కడ మణిలాల్ గారి వంటి వకీలు వచ్చి కూలీలను కూడగట్టి పత్రిక నడపడం సాధ్యం కాదు. కార్మిక సంఘం పెట్టుకునే హక్కు అక్కడ లేదు, సమ్మె చేయరాదు. కోర్టు భాష అరబ్బీ. కనుక అక్కడ వచ్చిన మార్పు క్రిందినుండి కాక పైనుండి, న్యాయశాఖ అధికారులనుండి, మంత్రిత్వ శాఖ అధికారులనుండి వచ్చింది. దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు, ఆకాశానికి ఎత్తనూ అక్కరలేదు. ఏమి చేశారో చూడటం మంచిది.

అన్నిటికంటె ముందు జీతం సంగతి. మన తోటలలో కూలి లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉండేది? ఓవర్సీరు చేతిలో. కూలి ఇచ్చామని వాడు అంటాడు, ఇవ్వలేదని మనవాడు అంటాడు, పుస్తకం వాడి పక్షాన సాక్ష్యం చెబుతుంది. ఎమిరేట్స్‌లో 2009లో జీతాల రక్షణ విధానం అనే ఏర్పాటు వచ్చింది. కంపెనీ జీతాలను బ్యాంకు మొదలైన సంస్థల ద్వారా మాత్రమే చెల్లించాలి. ఆ చెల్లింపు లెక్క మంత్రిత్వ శాఖకు కనబడుతుంది. గడువు దాటి 15 రోజులలోపల జీతం పడకపోతే ఆలస్యం క్రింద నమోదవుతుంది. అంటే కార్మికుడు నోరు విప్పకముందే ఒక సాక్షి ఉన్నాడన్నమాట, వాడు ఓవర్సీరు మనిషి కాడు. మా అభిప్రాయంలో వకీళ్ళు చేసిన ఎన్నో వాదనల కంటె ఈ లెక్కల ఏర్పాటు కూలివానికి ఎక్కువ మేలు చేసింది. జీతం బ్యాంకులో వేసి మళ్ళీ చేతితో వెనక్కి పుచ్చుకునే యజమానికి మాత్రం ఇది మందు కాదు.

1980 నాటి కార్మిక చట్టం స్థానంలో 2021 నాటి కొత్త చట్టం 2022 ఫిబ్రవరి 2నుండి అమలులోకి వచ్చింది. కార్మికుని పాస్‌పోర్టు వంటి కాగితాలను యజమాని అట్టిపెట్టుకోరాదు. పనిలో చేర్చుకున్నందుకు కార్మికుని దగ్గర డబ్బు పుచ్చుకోరాదు. లక్ష దిర్హములకు మించని కార్మిక వ్యాజ్యానికి కోర్టు రుసుము లేదు. 2024 జనవరి 1నుండి మరొక మార్పు: 50,000 దిర్హములకు మించని తగాదాలలో మంత్రిత్వ శాఖే తీర్పు ఇచ్చి అమలు చేయించవచ్చు; ఒప్పుకోనివారు 15 పనిదినాలలో కోర్టుకు పోవచ్చు. నెలకు వెయ్యి దిర్హముల జీతగానికి 50,000 అంటే 50 నెలల జీతం. అంటే మామూలు కూలివాని తగాదా దాదాపు ఎప్పుడూ ఆ హద్దు లోపలే ఉంటుంది. అతని వ్యాజ్యం న్యాయమూర్తి దాకా పోకుండానే తేలవచ్చు. త్వరగా తేలడం మంచిదే. అయితే తేల్చేవాడు న్యాయమూర్తి కాక గుమాస్తా అధికారి అయినప్పుడు, ఆ అధికారికి ఎదుటివాని మాట అర్థం కావడం మరింత అవసరమవుతుంది.

దూరం విషయంలో కూడా అబుదాబి న్యాయశాఖ చొరవ చూపింది. బస్సునే న్యాయస్థానంగా అమర్చి కార్మికులున్న చోటికి పంపడం అటువంటిది. 2020లో కరోనా వచ్చినప్పుడు విచారణలు దూరదృశ్య పద్ధతికి మారాయి, ఫోను తెరమీద న్యాయమూర్తి కనబడసాగారు. మేజిస్ట్రేటు దగ్గరకు నడిచి వెళ్ళినందుకు రెండు రోజుల కూలి పోగొట్టుకున్నవారి మనుమలం మనం. మేజిస్ట్రేటే బస్సెక్కి క్యాంపుకు రావడం ఎంత పెద్ద మాటో మనకు ఒకరు వివరించి చెప్పనక్కరలేదు.

ఇక మిగిలింది భాష. మాకు అన్నిటికంటె ముఖ్యమైనదీ అదే.

2016 జనవరి 1నుండి ఎమిరేట్స్‌లో ఒక నియమం వచ్చింది. స్వదేశంలో కార్మికుడు సంతకం చేసిన ఉద్యోగపు ప్రతిపాదననే అక్కడ ఒప్పందంగా నమోదు చేయాలి. ఇంటిదగ్గర ఒక జీతం చెప్పి, విమానం దిగిన తరువాత మరొక కాగితంమీద సంతకం పెట్టించే పాత మోసానికి ఇది విరుగుడు. ఆ కాగితం అరబ్బీలో, ఇంగ్లీషులో, వాటితోపాటు కార్మికునికి తెలిసిన మూడవ భాషలో ఉండాలి. అందుకు అప్పుడు సిద్ధం చేసిన భాషలు అరబ్బీ, ఇంగ్లీషులతో కలిపి 11. తక్కినవి బెంగాలీ, చైనా భాష, దరీ, హిందీ, మలయాళం, నేపాలీ, సింహళం, తమిళం, ఉర్దూ. జాబితా మేము రెండుసార్లు చదివాము. తెలుగు లేదు.

2019 ఫిబ్రవరిలో అబుదాబి న్యాయశాఖ మరొక అడుగు వేసింది. కార్మిక వ్యాజ్యాలలో అరబ్బీ, ఇంగ్లీషుల తరువాత హిందీని మూడవ భాషగా స్వీకరించింది. వ్యాజ్యం దాఖలు చేసే పత్రాలు హిందీలో కూడా దొరుకుతాయి. శాఖ ఉపకార్యదర్శి శ్రీ యూసఫ్ సయీద్ అల్ అబ్రీ ఈ మార్పును ప్రకటించారు. అంతకు కొద్ది నెలల ముందే, 2018లో, సివిల్, వాణిజ్య వ్యాజ్యాలలో ప్రతివాది విదేశీయుడైతే వ్యాజ్యపత్రాలను ఇంగ్లీషులోకి కూడా మార్చి ఇవ్వాలనే నియమం తెచ్చారు. ఒక అరబ్బు దేశపు న్యాయస్థానం, ఎవరూ ఉద్యమం చేయకుండానే, పరదేశపు కూలీల భాషకు తలుపు తీసింది. వృత్తిలో ఉన్నవారు వృత్తిని లోపలినుండి మార్చడానికి దీనికంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

అయితే ఐకాడ్‌లో వెల్డింగు పని చేసే జగిత్యాల మనిషికి ఇది ఎంతవరకు ఉపయోగం? హిందీ మాటలు అతనికి వచ్చు. హైదరాబాదు ఉర్దూ చెవిన పడుతుంది, కొందరు బొంబాయిలో పనిచేసి వచ్చినవారు, క్యాంపు గదిలో పక్క మంచంమీద బీహారు మనిషి ఉంటాడు. కాని మాట్లాడటం వేరు, నాగరి లిపిలో అచ్చయిన పత్రం చదివి గళ్ళు నింపడం వేరు. తెలుగు దేశపు పదవ తరగతి పరీక్షలలో చాలా కాలంగా ఇతర విషయాలకు ఉత్తీర్ణత మార్కులు 35 అయితే, హిందీకి మాత్రం 20. ఉపాధ్యాయులమైన మాకు ఆ తేడా ఏమి చెబుతుందో తెలుసు. ఇరవై మార్కుల హిందీతో బజారులో బేరం చేయవచ్చు, జీతం బకాయికి వ్యాజ్యం వేయడం కష్టం.

ఇంట్లో క్రియోలు, భోజ్‌పురీ మాట్లాడుతూ పెరిగి, సాయంకాలపు తరగతులలో తెలుగు అక్షరాలు దిద్దినవారము మేము. ఒక భాష నోటికి రావడానికీ, కాగితంమీద పట్టుబడటానికీ మధ్య ఎన్ని సంవత్సరాలు పడతాయో అనుభవంవల్ల చెబుతున్నాము. మన రాజ్యాంగంలో పదవ సెక్షను, విచారణ భాష తెలియని ముద్దాయికి ఖర్చు లేకుండా దుబాసీ సహాయం ఇవ్వాలని చెబుతున్నది. ఆ వాక్యం అక్కడికి చేరడానికి వెనుక రాజరత్నం మొదలియార్ గారి వంటివారు ఎందరున్నారో!

తెలుగుకు అసలు చోటే లేదని కూడా అనరాదు. 2010లో రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ దుబాయిలో భారతీయ కార్మికుల సహాయ కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడికి ఫోను చేసినవారికి సమాధానం చెప్పే భాషలలో తెలుగు ఒకటి. అది భారత ప్రభుత్వం తరఫు ఏర్పాటు. కోర్టు పత్రం కాదు, కాని ఆ పత్రం దగ్గరకు దారి చూపగలిగే గొంతు.

ఇటీవల జరిగిన మరొక సంగతి ఐకాడ్ వంటి క్యాంపులకు ఎంతో దూరంలో, హైదరాబాదులో మొదలైంది. గల్ఫ్‌కు పోయే కార్మికునికి ఇంతకు తగ్గకుండా జీతం ఇవ్వాలని భారత ప్రభుత్వం దేశాలవారీగా ఒక అంకె నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కష్టకాలంలో, ఆ అంకెను 30నుండి 50 శాతం వరకు తగ్గిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. ఎమిరేట్స్‌కు నెలకు 200 డాలర్లుగా పెట్టింది. ఉద్యోగాలు పోకుండా ఉండటానికే తగ్గించామన్నది ప్రభుత్వపు వాదన. తెలంగాణలో ప్రవాస కార్మికుల మధ్య పనిచేసే శ్రీ మంద భీంరెడ్డి గారు దానిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఎడారిలో సమ్మె చేయలేనివారి జీతం మాట, స్వదేశపు కోర్టులో, స్వదేశపు ప్రభుత్వాన్ని ప్రతివాదిగా నిలబెట్టి అడగవచ్చునని ఆ వ్యాజ్యం చూపించింది. 1871లో మన 9,401 మంది అర్జీదారులకు ఆ దారి లేదు. వారి అర్జీ గవర్నరు ద్వారా లండన్‌కే పోవలసి వచ్చింది, మదరాసు కోర్టుకు పోయే వీలు ఎవరికీ తోచనైనా తోచలేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నది, పాత జీతపు అంకెలు తిరిగి అమలులోకి వచ్చాయి.